తోట అంటే కోట అని వ్రాసింది

తెలుగు మేష్టర్లకు ఒక అలవాటు ఉంటుంది. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముహూర్తం ఎప్పుడో చూడరు, అచ్చుతప్పులు చూస్తారు. నేనూ ఆ కోవలోవాణ్ణే. ఇరవై ఏళ్ళుగా పిల్లల కాగితాల మీద ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి చుట్టి, తప్పు కనబడితే చాలు, చెయ్యి దానంతట అదే లేస్తుంది. ఈ వారం పాఠకులతో చెప్పుకోదలచింది అలా చుట్టిన కొన్ని సున్నాల గురించే. వాటిని చుట్టినందుకు నాకు ఈనాటికీ సిగ్గుగానే ఉన్నది.

2021 నాటి సంగతి. మా చెల్లెలి కూతురుకు అప్పుడు పన్నెండేళ్ళు. మోకాలి దగ్గర నొప్పి అన్నది. ఆటల్లో తగిలిందేమో అనుకున్నాం. ఎదిగే పిల్ల, ఎముకలు సాగుతున్నాయి కాబోలు అన్నది మా అమ్మ. నెల గడిచినా నొప్పి పోలేదు సరిగదా, వాపు కూడా కనిపించింది. ఎక్స్‌రే తీయించి, ముక్క పరీక్ష చేయించాక తేలింది: ఎముకలో పుట్టిన కేన్సరు. ఇంకెక్కడికీ పాకలేదన్నారు. అదొక్కటే ఆ రోజు విన్న మంచి మాట.

మైలవరం నుంచి విజయవాడ ఎంత దూరం? జి. కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం దాటితే వచ్చినట్లే. కాని ఆ ఎనిమిది నెలలూ ఆ దారి మాకు తరగలేదు. బావగారు ఒకసారి, నేను ఒకసారి, చెల్లాయి అన్నిసార్లూ.

పిల్లకు ముఖ్యంగా మూడు మందులు రాశారు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. పేరు చదవగానే నాకు ఒక విధమైన ధైర్యం కలిగింది. ఆ మందు వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రెండవది ఎర్రటి మందు, డాక్సోరూబిసిన్. మూడవది సిస్‌ప్లాటిన్. పేరులోనే ఉన్నది, అందులో ప్లాటినం ఉంటుంది. “బంగారంలాగా ఖరీదైన లోహమే మావయ్యా, నా ఒంట్లోకి ఎక్కిస్తున్నారు,” అని నవ్వింది పిల్ల.

ఆ ప్లాటినం మందే ఈ కథలో సగం దేవుడు, సగం దొంగ.

బడులు ఎలాగూ మూసి ఉన్న రోజులు. పిల్ల చదువు వెనకబడకూడదని సాయంత్రాలు నేను వెళ్ళి పాఠం చెప్పేవాణ్ణి. తెల్లకణాలు తగ్గి ఉంటాయి, ఏ చిన్న జబ్బూ అంటకూడదన్నారు గనుక నోటికి మాస్కు కట్టుకుని, మంచానికి కొంచెం దూరంగా కూర్చుని డిక్టేషన్ చెప్పేవాణ్ణి. మొదట్లో తప్పులు లేవు. సిస్‌ప్లాటిన్ మూడవసారి ఎక్కించిన తర్వాత మొదలయ్యాయి. “రాజుగారి తోటలో పూలు కోశారు” అని చెబితే “రాజుగారి కోటలో పూలు కోశారు” అని వ్రాసింది. “సంత” అంటే “అంత” అని వ్రాసింది. “సీత” అంటే “ఈత” అని వ్రాసింది. “తాత చెప్పు” అంటే “పాత చెప్పు” అయింది.

ఎర్ర సున్నాలు చుట్టాను. ఒకరోజు కోపం వచ్చి, “మనసు ఎక్కడ పెట్టి వింటున్నావు?” అని గద్దించాను కూడా. పిల్ల ఏమీ అనలేదు. తల వంచుకుని, “రేపటి నుంచి సరిగా వింటాను మావయ్యా,” అన్నది.

పూర్వం నాటకాల కంపెనీ వెలసిన ఊరు మాది. పద్యంలో ఒక్క అక్షరం జారినా పందిట్లో వాళ్ళు పట్టేసేవారని పెద్దలు చెప్పుకుంటూ ఉండేవారు. అలాంటి ఊళ్ళో, తెలుగు మేష్టరు కళ్ళ ముందు, ఒక పిల్ల చెవి రోజురోజుకూ జారిపోతుంటే ఎవరమూ పట్టుకోలేకపోయాం.

పట్టుకున్నది చివరకు ఒక నర్సు. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే పిల్ల తిరగలేదట. “చెవుల్లో ఏమైనా హోరుగా ఉంటోందా?” అని అడిగింది. “ఉంటోంది, కీచురాయిలాగా. మందు వాడేవాళ్ళందరికీ ఉంటుందనుకున్నాను,” అన్నది మా పిల్ల. వారం తర్వాత చెవి పరీక్ష చేశారు. అదే మొదటి పరీక్ష. చికిత్స మొదలుపెట్టక ముందు ఎవరూ చేయించలేదు. చేయించాలని మాకూ తెలియదు.

పరీక్ష చేసిన అమ్మాయి ఒక కాగితం చూపించింది. దానిమీద ఎడమ నుంచి కుడికి ఒక గీత. 250, 500, 1000, 2000 అనే అంకెల వరకూ గీత చక్కగా సమంగా ఉన్నది. 4000 దగ్గరకు వచ్చేసరికి దిగిపోయింది. 8000 దగ్గర పాతాళంలో ఉన్నది. ఆ అంకెలు ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క. “లావు గొంతులు, తగ్గు స్థాయి శబ్దాలు బాగానే వినిపిస్తాయండీ. సన్నటివి పోయాయి. స, శ లాంటివి, త, క, ప లాంటివి పోల్చుకోలేదు,” అన్నది ఆ అమ్మాయి.

నాకు ఒక్కసారిగా నోటుపుస్తకం కళ్ళ ముందు కదిలింది. శ, ష, స ఊష్మాలు. క, చ, ట, త, ప పరుషాలు. తరగతిలో ఎన్నిసార్లు బోర్డు మీద వ్రాశానో! ఊష్మాల్లో ఊపిరి బుసకొట్టినట్లు వస్తుంది. అందులో సన్నటి ధ్వనే ఎక్కువ. పరుషాల్లో గొంతు నాదం ఉండదు. ఒక్క చిటికలో పేలి మాయమవుతాయి. అచ్చుల బలమంతా తగ్గు స్థాయిలోనే ఉంటుంది. మన తెలుగు అజంత భాష గదా, చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుచేత ఇలాంటి చెవికి మాట వినబడుతూనే ఉంటుంది. దాని రాగం తెలుస్తుంది, పొడుగు తెలుస్తుంది, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. ఏ మాటో మాత్రం తెలియదు. “తోట”లో “ఓ” వినబడింది, “అ” వినబడింది. మిగతాది పిల్ల తన తెలివితో పూరించుకున్నది. రాజుగారు అన్నాక కోట అయి ఉంటుంది అనుకున్నది. అది అశ్రద్ధ కాదు. అంతకంటె శ్రద్ధగా వినటం ఎవరి తరమూ కాదు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. అంతకు ముందు కొన్ని వారాలుగా పిల్ల తనకే తెలియకుండా మా పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ ఉన్నది. మాస్కు కట్టుకుని నేను ఆ ఆధారం కూడా తీసేశాను.

ఇంతకూ మందుకు, చెవికి ఏమిటి సంబంధం? లోపలి చెవిలో బఠాణీ గింజంత నత్తగుల్ల ఒకటి ఉంటుంది. చూడటానికి శంఖంలాగా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు” అని ఎగతాళిగా అంటాం గాని, అసలు శంఖం చెవిలోనే ఉన్నది! అందులో సన్నటి కేశాలున్న కణాలు వరుసలుగా ఉంటాయి. బయటి వరుసల్లో ఉన్నవి చెవి ఒక్కింటికి పన్నెండు వేల దాకా. శంఖం మొదట్లో ఉన్నవి సన్నటి ధ్వనులు పట్టుకుంటాయి, కొసన ఉన్నవి లావు ధ్వనులు పట్టుకుంటాయి. సిస్‌ప్లాటిన్ దెబ్బ మొదట్లో ఉన్న వాటిమీద ముందు పడుతుంది. కోడిపిల్లకు ఈ కణాలు చచ్చినా మళ్ళీ పుడతాయి. మనిషికి పుట్టవు. పోయినవి పోయినట్లే.

ఒంట్లోకి ఎక్కిన మందులో చాలా భాగం మూత్రంలో వెళ్ళిపోతుంది. అందుకే మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ బాగా ఎక్కిస్తారు. చెవిలోని శంఖం మాత్రం దొరికిన ప్లాటినాన్ని వదలదు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి అట్టే పెట్టుకుంటుందని అమెరికా పరిశోధకులు 2017లో వెల్లడించారు. మందు ఆపిన తర్వాత కూడా కొందరి పిల్లల్లో వినికిడి తగ్గుతూ పోవటం వైద్యులు ఎరిగిన విషయమే.

అంతమాత్రాన సిస్‌ప్లాటిన్‌ను తిట్టుకోవద్దు సుమా! 1965లో మిచిగన్‌లో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవుల మీద విద్యుత్తు ప్రభావం చూద్దామని ప్లాటినం కడ్డీలు పెట్టాడు. సూక్ష్మజీవులు విభజన మాని పోగుల్లాగా సాగిపోయాయి. అది విద్యుత్తు మహిమ కాదు, కడ్డీల నుంచి కరిగిన ప్లాటినం మహిమ అని తేలింది. విభజన ఆపగలిగితే కేన్సరును ఆపవచ్చు గదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1978లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చింది. అప్పటినుంచీ అది నిలబెట్టిన ప్రాణాలకు లెక్కలేదు. మా పిల్ల ప్రాణం వాటిలో ఒకటి.

చెవి సంగతి తెలిసిన రాత్రి చెల్లాయి ఏడవలేదు. “బతికుంటే బలుసాకు తినవచ్చు అన్నారు అన్నయ్యా. చెవులు పోతే పోయాయి, పిల్ల దక్కితే చాలు,” అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పటానికి నాకు నోరు రాలేదు. తల్లి అన్న మాట అది. డాక్టరుగారూ అంతే చెప్పారు. ఇంకొక విడత మిగిలి ఉన్నది, మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉన్నదన్నారు. అందరం కూర్చుని ఆలోచించి, ఇవ్వమనే చెప్పాం.

కాని ఆ తర్వాత నేను ఊరుకోలేదు. దొరికినంత వరకు చదివాను. చదివినకొద్దీ ఒక విషయం మనసుకు పట్టింది. 1948లో బోస్టన్ నగరంలో ఫార్బర్ అనే డాక్టరు, సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందును రక్త కేన్సరు పిల్లలకు ఇచ్చి చూశాడు. ఆ మందు మెథోట్రెక్సేట్‌కు తోబుట్టువు వంటిది. పదహారుమందిలో పదిమందికి గుణం కనిపించింది, కొద్దికాలమే అయినా. ఆ వార్త న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. సరిగ్గా డెబ్బై ఏళ్ళకు, 2018లో, అదే పత్రికలో మరొక వార్త వచ్చింది. కాలేయంలో కేన్సరు వచ్చిన పిల్లల్లో సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఇచ్చినవారు కొందరు, దానితో పాటు చెవికి కాపుదలగా ఇంకొక మందు ఇచ్చినవారు కొందరు. ఒక్కటే ఇచ్చిన 46 మందిలో 29 మందికి వినికిడి తగ్గింది. కాపుదల మందు కూడా ఇచ్చిన 55 మందిలో 18 మందికే తగ్గింది. అంటే నూటికి 63 ఉన్నది 33కు దిగింది. కేన్సరు చికిత్స ఫలితానికి లోటు రాలేదు.

1948లో అడిగిన ప్రశ్న, ఈ పిల్లలు బతుకుతారా అని. 2018లో అడిగిన ప్రశ్న, బతికిన పిల్లలు ఎలా బతుకుతారు అని. చెల్లాయికి ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇదే. పిల్ల దక్కితే చాలు, నిజమే. కాని దక్కిన పిల్లకు ఇంకా అరవై ఏళ్ళ జీవితం ఉన్నది. బడి ఉన్నది, స్నేహితులున్నారు, ఉద్యోగం ఉన్నది, రేపు తన బిడ్డల ముద్దుమాటలున్నాయి. వాటినీ లెక్కలోకి తీసుకోవాలి గదా!

ఇంతకూ ఆ కాపుదల మందు ఏమిటో తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపోతారు. సోడియం థయోసల్ఫేట్. పూర్వపు ఫోటో స్టూడియోలవారు “హైపో” అనేవారే, అదే. నా చిన్నతనంలో స్టూడియో చీకటి గదిలో ఎర్ర బల్బు కింద, ట్రేలో నీళ్ళలాంటి దాంట్లో ఫోటో కాగితాన్ని ఆడించటం చూశాను. కాగితం మీద మిగిలిపోయిన వెండి లవణాలను అది కరిగించి లాగేస్తుంది. ఆ గుణాన్ని 1819లోనే హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. అక్కడ వెండిని పట్టుకునేది, ఇక్కడ ప్లాటినాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని దాని కోరలు పీకేస్తుంది.

అయితే ఇందులో వేళ ముఖ్యం. ముందే ఇస్తే, కేన్సరు మీద పనిచేయవలసిన మందునే కట్టిపడేస్తుంది. అందుకని సిస్‌ప్లాటిన్ ఎక్కించటం పూర్తయిన ఆరు గంటలకు, పావుగంటలో నరంలోకి ఎక్కిస్తారు. ఈలోగా సిస్‌ప్లాటిన్ తన పని చేసుకుంటుంది. 2022 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. నెల నిండిన బిడ్డ మొదలు పద్ధెనిమిదేళ్ళ లోపు వారికి, గడ్డ పుట్టినచోటే ఉండి ఇతర భాగాలకు పాకనప్పుడు. పాకిన వారికి వద్దన్నారు. ఎందుకంటే 2017లో వెలువడిన మరొక పరీక్షలో, జబ్బు పాకిన పిల్లల్లో ఈ మందు తీసుకున్నవారి ఆయుష్షు తక్కువగా కనిపించింది. వాంతులు, ఒంట్లో లవణాల హెచ్చుతగ్గులు కూడా ఉంటాయి. కాబట్టి ఇది ఎవరికి వారు కొని వాడే మందు కాదు, స్టూడియో హైపో అసలే కాదు. ఆస్పత్రిలో, కేన్సరు వైద్యుడి చేతిమీదుగా జరగవలసిన పని.

మా పిల్ల చికిత్స ముగిసిన మరుసటి యేడు వచ్చింది ఆ అనుమతి. దానికి ఎవరిని ఏమనగలం? కాని వెనక వచ్చేవారికైనా పనికివస్తుందని ఇదంతా వ్రాస్తున్నాను.

మీ ఇంట్లోగాని, మీ ఎరికలోగాని ఎవరికైనా కీమో మొదలుపెడుతున్నారంటే, “ఇందులో సిస్‌ప్లాటిన్ ఉన్నదా డాక్టరుగారూ?” అని అడగండి. అన్ని కీమో మందులూ చెవిని తాకవు. ఉన్నదంటే, మొదటి సీసా ఎక్కించక ముందే చెవి పరీక్ష చేయించమనండి. అరగంట పని. నొప్పి లేదు, సూది లేదు. చంటిబిడ్డలకు కూడా వేరే పద్ధతిలో చేస్తారు. ముందు ఎంత వినబడేదో కాగితం మీద లేకపోతే, తర్వాత ఎంత పోయిందో తెలియదు. ఆ తర్వాత విడత విడతకూ చేయించాలి. చికిత్స అయ్యాక కూడా పిల్లలకు కొన్నేళ్ళపాటు చేయిస్తూ ఉండాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. వాళ్ళు చెప్పుకోలేరు, పైగా మాటలు నేర్చుకునే వయసు. పిల్లలైతే థయోసల్ఫేట్ సంగతి కూడా మొదటి సీసాకు ముందే అడగండి.

పెద్దవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. నోటి కేన్సరు, గొంతు కేన్సరుకు రేడియేషనుతో కలిపి ఇచ్చేది చాలావరకు ఈ సిస్‌ప్లాటినే. నేను చెప్పిన అనుమతి పిల్లలకు ఇచ్చినది గనుక పెద్దలకు పరీక్షే ముఖ్యమైన కాపు. నష్టం తొందరగా తెలిస్తే మోతాదు సర్దటమో, మందు మార్చటమో వీలవుతుందేమో వైద్యులు చూస్తారు. కొన్నిసార్లు వీలవుతుంది, కొన్నిసార్లు కాదు. మీ అంతట మీరు మాత్రం మానకండి.

చికిత్స మధ్యలో జ్వరం వస్తే ఇచ్చే ఇంజెక్షన్లలో జెంటామైసిన్, అమికాసిన్ వంటివి కూడా చెవికి చేటు చేసేవే. ఒకప్పుడు క్షయకు విరివిగా ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఆ వంశానిదే. తప్పనిసరైతే ఇవ్వక తప్పదు, కాని ఇచ్చే డాక్టరుకు సిస్‌ప్లాటిన్ సంగతి గుర్తుచేయటం మన పని. ఇక దీపావళి బాంబులు, పెళ్ళి పందిట్లో మైకులు, చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు. ఆ రోజుల్లో వీటికి దూరంగా ఉంచండి. దెబ్బ తిన్న చెవికి రొద రెండో దెబ్బ.

గుర్తులు కూడా చెబుతాను. చెవిలో కీచురాయి పాడినట్లుండటం. టీవీ శబ్దం పెంచటం. వెనకనుంచి పిలిస్తే పలకకపోవటం. మాటిమాటికీ “ఆఁ?” అనటం. వాటితో పాటు నాకు తెలిసినది ఇంకొకటి ఉన్నది: శషసల దగ్గర డిక్టేషన్‌లో తప్పులు.

మా పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. జబ్బు తిరగబెట్టలేదు. రెండు చెవులకూ చిన్న మిషన్లు పెట్టుకుంటుంది. మొదటి బెంచీలో కూర్చుంటుంది. మొదట్లో జుట్టు ముందుకు లాక్కుని మిషన్లు దాచుకునేది. ఇప్పుడు జడ వెనక్కు బిగించి వేసుకుంటోంది. గోలగా ఉన్నచోట మాత్రం తికమకపడుతుంది. పెళ్ళిళ్ళకు రమ్మంటే రాదు. మిషను పోయిన కణాలను తిరిగి తెచ్చిపెట్టదు గదా.

ఆ నోటుపుస్తకం నా దగ్గరే దాచుకున్నాను. మొన్న కనబడితే పిల్ల తిరగేసి, ఎర్ర సున్నాలు లెక్కపెట్టి, “మావయ్యా, మొత్తం ముప్ఫయి నాలుగు. మార్కులన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి నువ్వు,” అన్నది. ఇస్తానన్నాను.

ఆ ముప్ఫయి నాలుగూ నాకు మొదటి నాలుగింటి దగ్గరే అర్థమై ఉండవలసింది. కాబట్టి మీ ఇంట్లో కీమో వాడుతున్న పిల్ల మాట తప్పుగా వింటే, గద్దించకండి. మాస్కు తీసే వీలుంటే తీసి ఇంకొకసారి చెప్పండి. మరునాడే చెవి పరీక్షకు తీసుకువెళ్ళండి.